బిళ్ల బూట్లతో కోటబొమ్మాళి నుంచి సాలూరు దాకా

కోటబొమ్మాళి నుంచి సాలూరు వెళ్లాలంటే ఎవరైనా బస్సెక్కుతారు. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటారు. నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో కొత్తవాళ్లతో నేను మాట్లాడినన్ని మాటలు అంతకుముందు మూడేళ్లలో మాట్లాడి ఉండను. కారణం నా ధైర్యం కాదు, నా బూట్లు.

అమ్మ పెట్టిన పందెం

నేను కోటబొమ్మాళిలో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతాను. మా ఊరు అక్కడికి తొమ్మిది కిలోమీటర్లు. రోజూ సైకిల్ మీదే వెళ్లొస్తాను. ఆ తొమ్మిది కిలోమీటర్లూ నాతో ఎవరూ మాట్లాడరు. రాత్రి చదివిన కథలో మనుషులు నా వెంట వస్తూ ఉంటారు. రోజు మొత్తంలో నాది అనుకునే సమయం అదే.

పోయిన వానాకాలం తడిసిన పెడల్ మీంచి కాలు జారింది. పెడల్ పళ్లు మోకాలి కింద ముందువైపు చీల్చేశాయి. ఏడు కుట్లు పడ్డాయి. అప్పట్నుంచి అమ్మ స్కూటీ పాట అందుకుంది. స్కూటీ మీద కథలు వెంట రావు. హారన్లే వస్తాయి. కాలు జారకుండా ఏం చెయ్యాలా అని నేను చదవడం మొదలుపెట్టాను. నాకు కష్టం వస్తే ముందు చదువుతాను, తర్వాతే ఎవరినైనా అడుగుతాను. చాలాసార్లు అడగను కూడా.

అలా తెలిసింది బిళ్ల బూట్ల గురించి. బూటు అడుగున ఒక బిళ్ల బిగించి ఉంటుంది. అది పెడల్‌లోకి టక్కున తగులుకుంటుంది. ఇక వానొచ్చినా బురదొచ్చినా కాలు జారదు. కాలు తియ్యాలంటే మడమ బయటికి తిప్పాలి, అంతే. విశాఖలో సైకిళ్ల కొట్టాయన వాడిన సరుకే, బూట్లూ పెడళ్లూ కలిపి రెండు జతలిచ్చి, తొక్కి చూసి ఒకటి ఉంచుకోమన్నాడు. ఒకటి సైకిల్ పందేల వాళ్లది. బూటు అడుగున వెడల్పాటి ప్లాస్టిక్ బిళ్ల బయటికి పొడుచుకుని ఉంటుంది. రెండోదానిలో చిన్న ఇనప బిళ్ల సోలు లోపల గుంటలో దాక్కుంటుంది. దాని పెడల్ ఒకవైపే తగులుకుంటుంది, రెండో వైపు మామూలు పెడల్‌లాగే బల్లపరుపుగా ఉంటుంది. ఆ రెండోది భయపడేవాళ్ల కోసమని నేనొక చోట చదివాను. అందుకని మొదటిదే బిగించుకున్నాను. పిరికివాళ్లకి పిరికి వస్తువు చూస్తే చిరాకు.

క్రిస్మస్ సెలవులకి అమ్మ సాలూరులో ఉన్న పిన్ని దగ్గరికి గుమ్మడి వడియాలు పెట్టడానికి బస్సులో వెళుతోంది. నేను సైకిల్ మీద వస్తానన్నాను. ఇంట్లో పెద్ద గొడవే అయ్యింది. చివరికి అమ్మ అంది:

"సరే, రా. ఒక్క పాలి పడినా సైకిలు నాకప్పజెప్పీయాల. ఆపైన నా ఇష్టం. అమ్ముకుంటాను, అటకెక్కిస్తాను. నువ్వు స్కూటీ ఎక్కాల."

"పడకపోతే?"

"జన్మలో స్కూటీ మాట ఎత్తను. ఒట్టు."

నరసన్నపేట: డాక్టరు బూట్లు

మొదటి రోజు పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే, లారీ కనిపించకముందే వినిపించేది. పెడల్‌కి కాలు అంటుకున్నాక సైకిల్ తొక్కడం వేరే సంగతి. కాలు కిందికి నొక్కేటప్పుడే కాదు, పైకి లేచేటప్పుడు కూడా బండి ముందుకే పోతుంది. ఎప్పుడూ ఊపిరాడని ఎత్తు మీద పాట పాడుకుంటూ ఎక్కాను. ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే పాడాను.

నరసన్నపేటలో ఇడ్లీ బండి దగ్గర ఆగాను. ఆగడం అనే పనికి వంద గజాల ముందు నుంచే సిద్ధమయ్యాను. మడమ తిప్పి, కాలు తీసి, నేలమీద పెట్టి, హమ్మయ్య అనుకున్నాను. నడవడం మొదలుపెడితే టక్కు టక్కు టక్కు. ముందు భాగం ఎత్తు, మడమ పల్లం. బాతు నడిచినట్టు నడుస్తున్నాను. బండి దగ్గర తింటున్న పది మంది పళ్లాల్లోంచి తలెత్తారు. నాకు అక్కడికక్కడే మంచులో కలిసిపోవాలనిపించింది.

బండి నడిపేది ఒక పెద్దావిడ. నా కాళ్ల వంక జాలిగా చూసి మెల్లగా అడిగింది. "కాలికేటయ్యిందమ్మా? డాక్టరు బూట్లా?"

"కాదండీ. సైకిల్ బూట్లు."

"సైకిలుకి బూట్లేటి?"

"సైకిల్‌కి కాదండీ, నాకే. పెడల్‌కి అంటుకుంటాయి."

ఆవిడ పెడల్ వంక చూసింది. "అంటుకుపోతే మరి దిగడమెలాగ?"

బిళ్లల గురించి నేను చదివిన వ్యాసాలన్నీ కలిపినా ఇంతకంటే మంచి ప్రశ్న వెయ్యలేదు. మడమ తిప్పి చూపించాను. ఆవిడకి నచ్చింది, కానీ నమ్మకం కుదరలేదు. నాలుగిడ్లీలు ముప్ఫై రూపాయలు. ఐదోది ఊరికే వేసింది, "కాలు నొప్పికి బలం" అని. నా మాట నమ్మనట్టే లెక్క.

శ్రీకాకుళం: చెయ్యి నేలకి తాకలేదు

శ్రీకాకుళంలో నాతో బీఈడీ చదివిన ఝాన్సీ వాళ్లింట్లో మజిలీ. మా ఊళ్లో అయితే చెప్పులు అరుగు దగ్గర విడుస్తాం. వాళ్లింట్లో గేటు దగ్గరే విడవాలి. గేటు ముందు సాయంత్రమే పెట్టిన ధనుర్మాసపు ముగ్గు ఇంకా తడిగా ఉంది. సైకిల్ దిగి, ముగ్గు మీద అడుగు పడకుండా పక్కనుంచి వెళ్లబోయాను. పక్కన నున్నటి గచ్చు. ప్లాస్టిక్ బిళ్ల దాని మీద సబ్బులా జారింది. సైకిల్ ఒకవైపు, నేను ఒకవైపు. ఎదురొచ్చిన ఝాన్సీ నా జబ్బ పట్టుకుని గాల్లో ఆపింది.

"ఇది పడ్డట్టా?" అన్నాను, ఇంకా వేలాడుతూనే. పందెం సంగతి దానికి ఫోన్లో ముందే చెప్పాను.

"చెయ్యి నేలకి తాకిందేటి?"

"లేదు."

"మోకాలు?"

"లేదు."

"అయితే పడలేదు. అయినా సైకిలు దిగీసినాక పడితే అది సైకిలు పాపం కాదే."

లాయరు కావాల్సిన పిల్ల, లెక్కల టీచరయ్యింది. ఆ రాత్రి ఎండు మెత్తళ్ల చేపల ఇగురుతో అన్నం తింటూ లెక్కపెట్టాను. ఒక్క రోజులో బూట్లు పదకొండుసార్లు విప్పి పదకొండుసార్లు తొడుక్కున్నాను. మంచినీళ్లడిగిన ఇంట్లో, దారిలో గుడిలో, సైకిల్ గాలి కొట్టించుకున్న చోట పసిబిడ్డ పడుకున్న చాప పక్కన. విప్పినప్పుడల్లా రంపంలా పళ్లున్న బిగుతు పట్టీ ఒకటి, అంటుకునే పట్టీలు రెండు లాగాలి. బూట్ల గురించి రాసేవాళ్లు బరువు, బిగుతు, వేగం అన్నీ రాస్తారు. రోజుకి ఎన్ని గడపలు దాటాలో ఎవరూ రాయలేదు. వాళ్ల ఊళ్లలో గడపలు ఉండవేమో.

విజయనగరం దారి: ధాన్యం

రెండో రోజు హైవే మీద చాలా దూరం హాయిగా సాగింది. పూసపాటిరేగ దగ్గర చేపల గంపలతో ఆటోలో వెళుతున్న ఆడవాళ్లు నాతో పాటు కాసేపు పందెం వేశారు. "తొక్కే, తొక్కే, మా సేపలు సచ్చిపోతన్నాయి" అని అరిచింది ఒకామె. "చచ్చిన చేపలేగా" అని నేను అరిచాను. నేనే అరిచాను. ఆటో అంతా నవ్వింది. అది జరిగిందని తర్వాతెప్పుడో డైరీలో రాసుకున్నప్పుడు గాని నాకు నమ్మకం కుదరలేదు.

విజయనగరం వైపు తిరిగాక లోపలి రోడ్డు పట్టాను. అది కోతలైన కాలం. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. మిగిలిన సగంలో బళ్లు సర్దుకుని వెళ్లాలి. ఎదురుగా గడ్డి మోపులు నింపుకున్న ట్రాక్టరొచ్చింది. గడ్డి రోడ్డంతా తనదే అన్నట్టు రెండువైపులా వేలాడుతోంది. నేను పక్కకి తప్పుకుని ఆగాలి. పక్కన ఉన్నది ధాన్యం.

అప్పుడు ఏం జరిగిందో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మడమ తిప్పాలని నాకు తెలుసు. రెండు రోజుల్లో వందసార్లు తిప్పాను. కానీ గింజలు కనబడగానే నా కాలు నా మాట వినలేదు. చిన్నప్పట్నుంచి కళ్లంలో అడుగుపెట్టే ముందు ఏం చేస్తామో అదే చేసింది. చెప్పు వదిలేసి పాదం పైకి తీసుకుంది. బూటు వదల్లేదు. మళ్లీ లాగింది, వదల్లేదు. ఈలోగా సైకిల్ ఆగిపోయింది. ఆగిన సైకిల్ ఎంతసేపని నిలబడుతుంది? కొట్టేసిన అరటిచెట్టులా నెమ్మదిగా ఒరిగి, ధాన్యంలో పడ్డాను.

దెబ్బ తగల్లేదు. పరుపు మీద పడ్డట్టే ఉంది. ధాన్యంలో కాళ్లతో చాళ్లు తీస్తూ నడుస్తున్న ముసలమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో, మాలచ్చిమి మీద బూట్లేటే! తియ్యి, తియ్యి!"

"రావడం లేదండీ!"

"రాకపోడమేటి?"

కిందపడి ఉన్నప్పుడు మడమ తిప్పడానికి చోటుండదు. ముసలమ్మ నా కాలు పట్టుకుని లాగింది. ఆమె కోడలొచ్చి సైకిల్ పట్టుకుని లాగింది. ఇద్దరూ చెరోవైపు లాగితే మధ్యలో నేను నవ్వడం మొదలుపెట్టాను. వాళ్లూ నవ్వారు. చివరికి పట్టీలన్నీ ఊడదీసి పాదం బయటికి లాక్కున్నాను. బూటు మాత్రం పెడల్‌కే ఉండిపోయింది, చెట్టుకి బీరకాయ వేలాడినట్టు.

ముసలమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. వేలితో పొడిచి చూసింది. "ఇప్పుదామంటే రాని సెప్పు సెప్పేటే, గుంటా? అది సంకెల."

నేను ధాన్యానికి దండం పెట్టుకున్నాను. అమ్మ చూస్తే దానికైనా సంతోషించేది.

"దండాలు సాలు. సెదరగొట్టినావు కదా, కలియబెట్టు."

వట్టి కాళ్లతో ధాన్యంలో చాళ్లు తీశాను. పాదాలు నేలకి రాసుకుంటూ, ఈ చివర నుంచి ఆ చివరికి. పైన గింజలు వేడిగా ఉన్నాయి, లోపలివి చల్లగా ఉన్నాయి. రెండు రోజులుగా గట్టి బూట్లలో బిగుసుకున్న నా వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. నాలుగు చాళ్లు చాలన్నా నేను పది తీశాను. తర్వాత చోడి అంబలి ఇచ్చారు, అదే రాగి అంబలి. మేం ఉల్లిపాయ నంజుకుంటాం. వాళ్లు మజ్జిగ మిరపకాయ వేయించి ఇచ్చారు. ఇకనుంచి మేమూ అదే.

అంబలి తాగుతూ పందెం సంగతి చెప్పాను. అప్పుడే నాకూ అర్థమైంది, ఓడిపోయానని. 

"మీయమ్మ సూసిందేటి?" అంది కోడలు. "సెప్పకు. మేం సెప్తామేటి? ఆ గింజలు సెప్తాయేటి?"

ముసలమ్మ నా జడలో ఇరుక్కున్న గింజలు ఏరి, మళ్లీ కుప్పలో వేసింది.

విజయనగరం: ఫోన్

ఆ రాత్రి ఒక ఆడవాళ్ల హాస్టల్లో పడుకున్నాను. అమ్మ ఫోన్ చేసింది. "పడినావా?" అనడానికి ముందు "తిన్నావా?" అంది. నేను తిన్నదంతా చెప్పడం మొదలుపెట్టాను. అంబలి, మిరపకాయ, హాస్టల్ వంకాయ కూర, బజారులో కొన్న మామిడి తాండ్ర ధర. రెండో ప్రశ్న వచ్చేలోగా "రేపు కలుద్దాంలే అమ్మా" అని పెట్టేశాను.

అబద్ధం చెప్పలేదు. కానీ డైరీ తెరిస్తే రాయడానికి చెయ్యి రాలేదు. చెప్పకపోతే సైకిల్ నాది. కానీ రోజూ ఆ తొమ్మిది కిలోమీటర్లలో నా వెంట వచ్చే కథలతో పాటు ఇదీ వస్తుంది.

గజపతినగరం: ఎడమ మర

పొద్దున్నే ఒక్కటి మాత్రం నిర్ణయించుకున్నాను. సైకిల్ పోయినా పోకపోయినా సంచిలో తెచ్చుకున్న రెండో జత తొక్కి చూడాలి. సంకెల అన్న మాట చెవిలోంచి పోలేదు. గజపతినగరం దాకా మెల్లగా తొక్కి అక్కడ ఆగాను. ఆ పెడళ్లు ఊడదీయడానికి ఎలెన్ కీ అనే ఆరు పలకల ఇనప పుల్ల కావాలి. సైకిల్ కొట్లో లేదు, స్కూటర్ మెకానిక్ దగ్గరికి పంపారు. ఆయన పేరు సింహాచలం. బనీను మీద గ్రీజు, చెవిలో పువ్వు.

కుడి పెడల్ ఇట్టే వచ్చింది. ఎడమది రాలేదు. ఆయన ఆ పుల్లకి పైపు తొడిగి బలంగా తిప్పాడు. ఊపిరి బిగబట్టి తిప్పాడు. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుందని, ఆయన తిప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుందని నాకు తెలుసు. చదివాను. చెప్పడానికి మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లు మూశాను. పనివాడికి పని చెప్పడమేమిటని ఒకటి, నా గొంతు నాకే కొత్త అని ఒకటి. ఆయన మెడ మీద నరం ఉబ్బింది. ఇక ఆగలేకపోయాను.

"ఎడమది రెండో వైపుకి తిప్పాలేమోనండీ. దానికి మర ఎదురు."

ఆయన అటు తిప్పాడు. రెండో తిప్పుకి వచ్చేసింది. నా వంక చూశాడు.

"నీకెప్పట్నుంచి తెలుసమ్మా?"

"మొదట్నుంచీనండీ."

"మొదట్నుంచి తెలిసి, నా కండ సూస్తూ కూకున్నావేటి?"

కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు ముఖం మండింది, కానీ పారిపోవాలనిపించలేదు. కొత్త పెడళ్లు బిగించి యాభై తీసుకున్నాడు. టీ ఆయనే ఇప్పించాడు. "మళ్లీ ఎవులైనా తప్పు తిప్పితే వెంటనే సెప్పీయాల" అన్నాడు. పెడల్ గురించే అన్నాడు.

రెండో జత బూట్లు వేసుకుని నడిస్తే చప్పుడు లేదు. బిళ్ల సోలు లోపలే ఉంది. ఒక్కటే పట్టీ, చర్రుమని ఊడుతుంది. బజారు రద్దీలో పెడల్ బల్లపరుపు వైపు తిప్పి మామూలుగా తొక్కాను. ఊరు దాటాక రెండో వైపు తిప్పితే టక్కున తగులుకుంది. రామభద్రపురం దాటాక దూరంగా కొండలు వరసకట్టాయి. వచ్చే ప్రతి కల్వర్టు దగ్గరా ఆగి, మడమ తిప్పి దిగి, మళ్లీ ఎక్కాను. ఎన్ని కల్వర్టులో లెక్క మర్చిపోయాను. లారీ డ్రైవర్లు హారన్ కొట్టి చేతులూపారు. నేనూ ఊపాను. ఇది పిరికివాళ్ల పెడల్ కాదు. రోజుకి పదకొండు గడపలు దాటేవాళ్ల పెడల్. అది తెలిసేసరికి సైకిల్ నాది కాకుండా పోయే గంట దగ్గరపడింది.

సాలూరు

సాలూరులో ఏ సందులో చూసినా లారీలే. పిన్ని వాళ్లిల్లు ఒక లారీ షెడ్డు వెనకాల. డాబా మీద గుమ్మడి వడియాలు ఆరుతున్నాయి. అమ్మ చేతులనిండా పిండితో మెట్లు దిగొచ్చింది. నన్ను పైనుంచి కింద దాకా చూసింది. మోచేతులు, మోకాళ్లు. గీత కూడా లేదు.

"పడలేదే!" అంది. గొంతులో ఓడిపోయిన బాధ కంటే సంతోషమే ఎక్కువ. "మాటంటే మాటే. స్కూటీ ఊసెత్తను."

అక్కడితో ఊరుకోవచ్చు. ఒక్క క్షణం ఊరుకున్నాను కూడా.

"పడ్డానమ్మా. నిన్న. ధాన్యంలో."

పిన్ని "ఓలమ్మో!" అంది. మొత్తం చెప్పాను. ట్రాక్టరు, బూటు, ముసలమ్మ, చాళ్లు. బూటు పెడల్‌కి వేలాడిందని చెప్పినప్పుడు పిన్ని మెట్ల మీద కూర్చుండిపోయి నవ్వింది.

అమ్మ నవ్వలేదు. చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని వచ్చి సైకిల్ హేండిల్ పట్టుకుంది. "అయితే ఇది నాది."

"నీదే."

"నా ఇష్టం."

"నీ ఇష్టమే."

సైకిల్ చుట్టూ తిరిగింది. సీటు మీద చరిచింది. కూర్చుని పెడల్ చేత్తో తిప్పింది. ఒకవైపు చూసింది, రెండో వైపు చూసింది. "ఇటేపు బోడిగా ఉన్నాదేటే?"

"అటువైపు మామూలు చెప్పులతో తొక్కొచ్చు. ఇటువైపు బూటు తగులుకుంటుంది."

"మొన్న నువ్వు బయల్దేరినపుడు ఇలగ లేదు."

"అవి తీయించేశాను. ఇవి ఉంచుకుందామనుకున్నాను. ఇప్పుడు నువ్వు చెప్పు, నీ సైకిల్ కదా."

అమ్మ పెడల్‌ని మళ్లీ తిప్పింది. బోడి వైపు పైకి రాగానే ఆపింది. తర్వాత సైకిల్‌ని నడిపించుకుంటూ లారీ షెడ్డులోకి వెళ్లింది. ఏం చేస్తోందో నాకు అర్థం కాలేదు. పిన్నికి అర్థమైంది. "అప్పా, చీర జాగర్త!" అని అరిచింది. నా వైపు తిరిగి, "మిల్లుకి మీ తాతకి కేరేజీ ఎవులు తీసికెళ్లీవోరనుకున్నావు?" అంది.

అమ్మ కుచ్చిళ్లు దోపుకుని, రబ్బరు చెప్పులతో బోడి వైపు కాలేసి ఎక్కింది. మొదటి గజం వంకర. రెండో గజం వంకర. తర్వాత వంకర పోయింది. రెండు లారీల మధ్యనుంచి అటు వెళ్లి, రంగులేస్తున్న మనిషి బ్రష్షు గాల్లోనే ఆపేసి చూస్తుంటే, డ్రమ్ముల చుట్టూ తిరిగొచ్చింది. నా ముందు ఆగి కాలు దించింది. ఊపిరి ఎగబోస్తోంది.

"ఈ పెడళ్లే ఉండనీ. ఆయితవారం సంతకి నాను తీసికెళ్తాను. మిగతా రోజులు బడికి నువ్వు తీసికెళ్లు. గాలి నువ్వే కొట్టించాల."

"సరే."

"పడితే సెప్పాల. ఇప్పుడు సెప్పినట్టే."

"సరే."

"ఏటి సరే? దిగడమెలాగో సూపించు. ఆ తగిలే వైపు కూడా నేర్సుకుంటాను."

ఆమె పాదం, నా పాదం ఒకటే సైజు. పట్టీ చర్రున లాగి నా బూట్లు విప్పి ఇచ్చాను. వట్టి కాళ్లతో వెనకాల నడుస్తూ సీటు పట్టుకున్నాను. సాలూరు లారీలన్నీ చూస్తుండగా, "మడమ బయటికి, అమ్మా, మడమ బయటికి" అని గట్టిగా అరిచాను.